ఎదుగుదల పరుపు

ఖమ్మం పట్టణంలో సుఖంగా బతుకుతున్న చిన్న వ్యాపారులందరికీ తమ ఎదుగుదల ఆగిపోయిందన్న సంగతి మొన్న ఎండాకాలంలోనే తెలిసింది. అంతవరకూ ఎవరికీ ఆ అనుమానం లేదు. వెంకటనారాయణ గారనే శిక్షకుడు హైదరాబాదు నుంచి వచ్చి, ఏసీ ఫంక్షన్ హాల్లో మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పాక, నిజమే కదా అనిపించింది.

"సుఖమే మన శత్రువు! మెత్తటి చోటు నుంచి లేచినవాడే వ్యాపారవేత్త! రిస్కును కావలించుకోండి! ఇబ్బందిని ఇంటికి పిలవండి!" అన్నారాయన.

హాలంతా సాబిర్ వైపు తిరిగి చూసింది. సాబిర్‌కి ఖానాపురం హవేలి పేటలో పరుపుల దుకాణం ఉంది. తాతల నాటి నుంచి వాళ్ళది దూది ఏకే ఇల్లు. పాత పరుపు విప్పి, దూది మళ్ళీ ఏకి, గింజ అన్నది లేకుండా ఏరి, కుట్టి ఇవ్వడం వాళ్ళ పని. పట్టణ ప్రగతికి తన కుటుంబం ఇన్ని తరాలుగా అడ్డుపడుతోందని తెలుసుకుని అతను సిగ్గుతో తల దించుకున్నాడు. శిక్షకుడు పెట్టబోయే ఇబ్బందుల శిబిరానికి వస్తానని అక్కడే చెయ్యెత్తాడు.

చండ్రుగొండ దాటాక అడవి అంచున శిబిరం పెట్టారు. కటిక నేల మీద పడక. ఉప్పు లేని అంబలి. రాత్రిపూట తరగతులు దోమలు తీసుకున్నాయి, జీతం అడగకుండా. దురదగొండి పొదల్లోంచి అందరినీ నడిపించినప్పుడు ఒక సిమెంటు డీలరు గోక్కుంటూనే, తనకు కొత్త బ్రాంచి ఆలోచన వచ్చిందని ప్రకటించాడు. చివరిగా వట్టి కాళ్ళతో రాళ్ళ మీద నడక. అడవి నుంచి కట్టెల మోపుతో వస్తున్న తండా మనిషి రూప్లి ఇంతమంది పెద్దమనుషుల అవస్థ చూసి జాలిపడి ఆగింది.

"ఏంది సారు, చెప్పులు పోయినయా?"

"పోలేదమ్మా. ఎదగనీకి ఇడిసినం," అన్నాడు ఎలక్ట్రికల్ షాపు కోటేష్, ముళ్ళు పీక్కుంటూ.

"గట్లనా! ఏడ ఇడిసిన్రో చెప్పుండ్రి. మేం ఏస్కుంటం."

ఆమెకు శిక్షణ లేదు కనుక ఎవరూ తప్పు పట్టలేదు.

ఊరికి తిరిగి రాగానే నేర్చుకున్నదాన్ని అందరూ అమల్లో పెట్టారు. ఇబ్బంది పడటం ఒక్కడివల్ల అయ్యే పని కాదు కాబట్టి పంచిపెట్టారు. సిమెంటు డీలరు హమాలీల టీ బంద్ చేశాడు. బట్టల షాపాయన తన దగ్గర పనిచేసే ఆడపిల్లల స్టూళ్ళు తీసేయించాడు. కోటేష్ అందరికంటే ముందుకు పోయాడు. తల్లాడలోని ఇంట్లో అతని తండ్రి ముసలయ్య పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ఆయన పాత పరుపును కోటేష్ ఆటోలో వేసుకుని సాబిర్ దగ్గరికి తెచ్చాడు.

"సాబిర్ భాయ్, నాయిన మెత్తగ పండి పండి కదులుడే మర్చిండు. జర ఇబ్బంది అయితే లేస్తడు. గట్టిగ కుట్టు. గింజలు గిట్ట తియ్యకు."

"వీపు పుండ్లు ఇంకింత పెరుగుతయి కదా కోటేషన్నా. డాక్టర్ ఏమన్నడు?"

"మెత్తటిదే వాడాలన్నడు. పాపం, ఆ డాక్టర్ శిబిరానికి రాలే."

సాబిర్ గింజల దూది ముందు పోసుకుని కూర్చున్నాడు. చెయ్యి ఆడలేదు. అతని భార్య అమీరున్నీసా వచ్చి ఆ కుప్ప చూసింది.

"మంచంల వడ్డ మనిషి వీపు కింద గింజలు పెడ్తవా? దోమలు కుట్టింది నీ వొంటికా, బుర్రకా?"

"కస్టమర్ అడిగిండు కదనే."

"పండేటోడు కస్టమర్. పైసలిచ్చేటోడు కాదు."

ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని సాబిర్ పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ కలిసి బూరుగు దూది ఏకారు. వెన్నలాంటి పరుపు కుట్టి, పైన ముతక గోనె తొడిగి, 'ఎదుగుదల పరుపు' అని చెప్పి పంపారు. కోటేష్ దాని మీద కూర్చుని చూడలేదు. అతని ఎదుగుదల సోఫా మీద సాగుతోంది.

ముసలయ్య నిద్రపోయాడు. ఎన్నాళ్ళకో నిద్రపోయాడు. వీపు పుండ్లు మానాయి, మొహం తేటపడింది, దిండుకు ఆనుకుని కూర్చోసాగాడు. ఇబ్బంది పనిచేసిందని కోటేష్ ఊరూరా చెప్పాడు. దుకాణం ముందు ఆర్డర్లు వరస కట్టాయి. సాబిర్ అందరికీ అదే పరుపు కుట్టాడు. అందరూ దాని కాఠిన్యాన్ని మెచ్చుకున్నారు. మెత్తగా ఉందని ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

ఈ ఫలితాన్ని కళ్ళారా చూడటానికి వెంకటనారాయణ గారు తల్లాడ వచ్చారు. శిక్షణ పొందిన వ్యాపారులంతా వెంట వచ్చారు. చూద్దామని మనమూ వాళ్ళ వెనకే వెళ్ళాం. సాబిర్‌ని దండ వేసి ముందు నిలబెట్టారు.

"ఈ ఇబ్బందిని నేను స్వయంగా అనుభవిస్తాను," అని శిక్షకుడు ప్రకటించారు.

ముసలయ్యను ఎత్తి పక్కనున్న నులక మంచం మీదికి మార్చారు. వెంకటనారాయణ గారు పరుపు మీద వాలారు. కాసేపటికి గురక మొదలైంది. అందరూ చేతులు కట్టుకుని ఆ గురకను గౌరవించారు. ఎండ వాలాక ఆయన లేచి ఒళ్ళు విరుచుకున్నారు.

"భరించలేనంత కఠినం! ఇంతటి ఇబ్బంది ఒక్క మనిషికే పరిమితం కావడం న్యాయం కాదు. దీన్ని శిబిరంలో నా గదికి తీసుకుపోతున్నాను."

చప్పట్లు మోగాయి. పరుపు చుట్టి కారు మీదికి ఎక్కిస్తున్నారు.

"అయ్యా... నా పరుపు..." అన్నాడు ముసలయ్య, వంకరపోయిన నోటితో.

సాబిర్ నోరు తెరిచాడు. అది మెత్తనిదనీ, అది ఆయనదనీ చెబితే చాలు. చెబితే దుకాణం పోతుంది. రిస్కు అన్నది అతనికి మొదటిసారి ఎదురుగా వచ్చి నిలబడింది, దురద లేకుండా, దోమలు లేకుండా.

"సార్," అన్నాడు. అందరూ తిరిగి చూశారు. "వారానికోసారి ఎండల వెయ్యాలె."

కోటేష్ తండ్రి మీదికి ప్రేమగా వంగాడు. "నాయినా, నువ్వు ఎదిగినవ్. ఇగ నీకు అక్కర్లే."

ముసలయ్య వీపు నులక తాళ్ళ మీద అటూ ఇటూ చోటు వెతుక్కుంది. లోపల నిలబడే జాగా లేక మనం గుమ్మం దగ్గరే ఉండిపోయాం. చప్పట్లు మాత్రం బాగానే కొట్టాం.