గొడ్డలి అక్షరాలు, పసిపిల్లల బొంతలు

నవ్వకుండా వింటామంటేనే చెబుతాను.

నేను బోర్డులు రాసేవాణ్ణి. రెండేళ్లు కూర్చుని సొంతంగా ఒక అక్షరాల వరుస గీశాను. లావుపాటి గీతలు, ఎటు చూసినా కోసుదేరిన మూలలు. మన గుండ్రటి అక్షరాల్లో ఒక్క వంపు కూడా మిగల్చలేదు. దానికి ‘గొడ్డలి’ అని పేరు కూడా పెట్టుకున్నాను. ఒక్క దుకాణంవాడూ దాన్ని రాయనిస్తే ఒట్టు.

అప్పుడే మా ఆవిడ కుట్టు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, మా ముందు గదిలో పసిపిల్లల బొంతల దుకాణం పెట్టింది. నెల లోపల పది ఆర్డర్లు రాకపోతే మళ్లీ ఫ్యాక్టరీ గేటే గతి.

“బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా, మెత్తగా ఉండాలి. మీ గొడ్డలి జోలికి పోకండి” అంది.

“నేనెందుకు పోతాను?” అన్నాను.

పోయాను. దుకాణం తెరిచే రోజున ఆమె బోర్డు మీది గుడ్డ లాగితే, వీధి చివరికి కనబడేలా ఎర్రగా ‘చిన్నారి బొంతలు’ అని నా గొడ్డలి. నావైపు తిరిగింది.

“ఇది బొంతల కొట్టా, కమ్మరి కొలిమా?”

“దూరానికి కనబడుతుంది కదే.”

“కనబడుతుంది. దగ్గరికి రావాలంటేనే భయం.”

మొదటి రోజు ఒకాయన కత్తి తెచ్చి సాన పట్టమన్నాడు.

“బోర్డు చదవలేదా?” అన్నాను.

“చదవలేదు, చూశాను” అన్నాడాయన.

మర్నాడు ఇంకొకాయన, ఇక్కడ బరువులెత్తడం నేర్పుతారా అని అడిగాడు. మనవరాల్ని ఎత్తుకుని వచ్చిన ఒక మామ్మగారు గుమ్మం దాకా వచ్చారు. పాప బోర్డు చూసి ఏడుపు లంకించుకుంది. ఇద్దరూ వెనక్కి వెళ్లిపోయారు.

మూడు వారాలకు ఒక్క ఆర్డరూ లేదు. మా ఆవిడ తన ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు వెతుకుతుంటే నాకు సిగ్గేసింది.

“తప్పు నాదే. బోర్డు మారుస్తాను” అన్నాను.

“అది నేను చూసుకుంటాను. మీరు అచ్చుల కోసం కత్తిరించి పెట్టుకున్న గొడ్డలి అక్షరాల అట్టలన్నీ ఇటివ్వండి.”

ఇచ్చాను, పొయ్యిలో పెడుతుందనే అనుకుని. ఆవిడ ఆ అట్టలు గుడ్డ మీద పెట్టి అక్షరాలు కత్తిరించి, లేత పసుపు బొంత మీద ఒక పాప పేరు కుట్టి కిటికీలో వేలాడదీసింది.

“గుండ్రటి అక్షరాన్ని గుడ్డలో కత్తిరిస్తే అంచు ముడతలు పడుతుంది. మీదైతే తిన్నగా మడిచి కుట్టెయ్యొచ్చు” అంది.

మామ్మగారు మళ్లీ వచ్చారు. “కళ్లజోడు లేకుండా చదివానమ్మా, మా పాపకీ ఒకటి” అన్నారు. పాప ఈసారి అక్షరాన్ని పట్టుకుని నోట్లో పెట్టుకుంది. నెల తిరిగేసరికి ఆర్డర్లు పదకొండు.

“చూశావా నా అక్షరం మహిమ” అన్నాను, మీసం తడుముకుంటూ.

“చూశాను. ఒకసారి బయటికెళ్లి మీరూ చూడండి.”

చూశాను. బోర్డు మీద గుండ్రటి అక్షరాలు. రాసినవాడు నా పోటీదారు, పక్క సందులో బోర్డులు రాసే వంకీల బాబాయి.

లోపలికి వచ్చేసరికి నా చేతిలో కత్తెర పెట్టింది. “పదకొండు పేర్లు. సాయంత్రానికి కావాలి.”

కూర్చున్నాను. ఇంతలో కొత్తగా వచ్చిన ఒకావిడ కిటికీలో బొంత చూసి, “అక్షరాలు భలే ఉన్నాయి, ఎవరివండీ?” అని అడిగింది. రెండేళ్లుగా ఈ ఒక్క మాట కోసమే ఎదురుచూశాను. గొంతు సవరించుకున్నాను.

“మా దుకాణానివండీ” అంది మా ఆవిడ. “కత్తిరించేది ఆయన.”