ఆంజనేయులు సారును దీవికి పంపకండి

ఆ సోమవారం పొద్దున సీతారామాంజనేయులు ఇంట్లో కాఫీ ఎప్పటిలాగే ఏడింటికి దిగింది గాని, వీధి తలుపుకు గడియ పడి ఉంది. మూసాపేటలో పట్టపగలు గడియ వేసుకున్నారంటే ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోవాలి, లేదా ఏదో దాస్తూ ఉండాలి. ఇది రెండో రకం. భార్య నాగేశ్వరి గోడ మీది కొత్త కేలండరు దించి మంచం మీద పెట్టింది. ఆ 1974 కేలండరులో జనవరి బొమ్మ లక్షదీవులది. చుట్టూ పగడపు దిబ్బ గోడలా కాస్తుంటే లోపల అల అన్నదే లేని సముద్రం, ఒడ్డున తెల్లటి ఇసుక. ఆ ఇసుక మీద ఒక్క మనిషి లేడు. అన్నింటికన్నా అదే నాగేశ్వరికి నచ్చింది.

"నడుం లోతులో నిలబడితే కాలి వేళ్లు కనిపిస్తాయటండీ," అంది. "మనిద్దరమే వెళ్దాం. ఈసారి మాత్రం ఎవరికీ చెప్పకండి. మీకు దండం పెడతాను."

దండం దాకా రావడానికి కారణం ఉంది. ఆ దంపతులు అమలాపురం నుంచి వచ్చి ఆరేళ్లయింది. ఆయన బాలానగర్లో ఒక సర్కారు ఆఫీసులో నక్షలు గీస్తాడు. కిష్టమ్మ గారింట్లో రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నారు. కిష్టమ్మ మంచి మనిషి, అదే చిక్కు. పోయినేడు యాదగిరిగుట్ట వెళ్తున్నామని ఆయన నోరు జారితే బస్సెక్కేసరికి ఇద్దరు కాస్తా పదకొండు మంది అయ్యారు. కిష్టమ్మ బిందె, చాప, మేనకోడలు, ఆమె పిల్లలు, ఎదురింటి రిటైరైన బడిపంతులు లింగమూర్తి, ఆయన దగ్గు అన్నీ వచ్చాయి. సత్రంలో ఆడవాళ్లంతా ఒక గది, మగవాళ్లంతా ఒక గది. ఆరేళ్ల కాపురంలో మొగుడూ పెళ్లాం ఇద్దరే కలిసి వెళ్లిన అతి దూర ప్రయాణం కూకట్‌పల్లి సంత.

కనుక ఆయన ఒట్టు వేశాడు. సెలవు పెట్టాడు. ఆ దీవులకు ఎవరు పడితే వాళ్లు వెళ్లడానికి లేదు, పర్మిట్ కావాలి. పర్మిట్ రావాలంటే మనిషి మంచివాడేనని పోలీసులు విచారించి రాయాలి. మేలో ఆఖరి ఓడ వెళ్లిపోతే వానలు పట్టుకుంటాయి, మళ్లీ దసరా దాటేదాకా ఊసే ఉండదు. దరఖాస్తును రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ ఐలయ్య సైకిల్ మీద వచ్చాడు. ఆ వేళకు సీతారామాంజనేయులు ఆఫీసులో ఉన్నాడు, నాగేశ్వరి పిండిమరకు వెళ్లింది. వాకిట్లో కిష్టమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. ఐలయ్య చేతిలో ఉన్నది ఇంగ్లీషు కాగితం. అందులో ఆయనకు అర్థమైనవి రెండే ముక్కలు, మనిషి పేరు, దీవి సంగతి.

"గీ సారును దీవికి పంపుతరట. మనిషి ఎసొంటోడో రాస్కొని రమ్మన్నరు," అన్నాడు.

కిష్టమ్మ ఒళ్లోని చింతపండంతా నేలపాలైంది. పోలీసు రావడం, మనిషిని దీవికి పంపడం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె తాత చెప్పేవాడు, ఎవణ్ణో నరికినవాణ్ణి అండమాను పంపారనీ, పోయినవాడు పోయినట్టేననీ. ఏం చేసిండని అడిగితే అది మనకు చెప్పరన్నాడు ఐలయ్య. నిజానికి ఆయనకీ ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నుంచి సీతారామాంజనేయులుకు ఊరు ఊరంతా వింతగా కనబడింది. మంగలి గడ్డం గీస్తూ ముక్కు చీదాడు. లింగమూర్తి పంతులు అకారణంగా భుజం తట్టి, ధైర్యంగా ఉండాలన్నాడు. గుమ్మంలో కిష్టమ్మ వేడి వేడి జొన్నరొట్టెలతో నిలబడి ఉంది.

"దాయకు సారూ. మాకంతా తెలిసింది. దీవి సంగతి," అంది.

ఇంకేముంది, బిందె, చాప, దగ్గు అన్నీ ఓడెక్కుతాయి అనుకున్నాడు. గబగబా చెప్పేశాడు, ఎవరూ రానక్కర్లేదని, ఇద్దరమే వెళ్తామని, ఎవరితోనూ అనవద్దని.

"అమ్మ గూడ వస్తదా?" అంది కిష్టమ్మ.

"అసలు ఆవిడ కోరికేనండీ ఇది."

కిష్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది. రామయ్య వెంట అడవికి సీతమ్మ వెళ్లింది గాని, దీవి జైలుకు వెళ్లే పెళ్లాన్ని ఆమె ఇప్పుడే చూస్తోంది. ఇక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. మర్నాడే లింగమూర్తి పంతులు చేత అర్జీ రాయించింది. పంతులు ముప్పయ్యేళ్ల సర్వీసులో నేర్చిన భాషంతా అందులో పోశాడు. సదరు సీతారామాంజనేయులు చీమకు కూడా హాని చేయనివాడనీ, నీళ్లను చూస్తేనే జలుబు చేసే అర్భకుడనీ, దీవికి పంపితే పది రోజులు బతకడనీ, కనుక దయగల దొరవారు పంపకుండా కాపాడాలనీ. కింద పద్దెనిమిది సంతకాలు, ఇరవై మూడు వేలిముద్రలు. ఐలయ్య దాన్ని తన రిపోర్టుకు భద్రంగా కుట్టి పంపాడు.

ఏప్రిల్లో జవాబు వచ్చింది. దరఖాస్తుదారు ఆరోగ్యాన్నీ, గ్రామస్థుల విజ్ఞప్తినీ దృష్టిలో ఉంచుకుని పర్మిట్ నిరాకరించడమైనది. సీతారామాంజనేయులు మూడుసార్లు చదివాడు. నాగేశ్వరి పెట్టెలో దాచిన కొత్త చీర తీసి, మళ్లీ మడిచి లోపల పెట్టింది. అది చూసి ఆయనకు ఏడుపొచ్చింది. గ్రామస్థుల విజ్ఞప్తి ఏమిటో కనుక్కుని వాళ్లందర్నీ కడిగేద్దామని తలుపు తీశాడు.

ఎదురుగా డప్పులు. కబురు ఐలయ్య ముందే తెచ్చాడు. కిష్టమ్మ ఆయన మెడలో బంతిపూల దండ వేసి, నోట్లో ఇంత బెల్లం పెట్టింది. ముసలీ ముతకా అంతా కళ్లు తుడుచుకుంటున్నారు. కడిగేద్దామన్న నోట్లో బెల్లం ఉంది. తనను దీవి జైలు నుంచి తప్పించడానికి నలభై ఒక్కమంది సర్కారును బతిమాలారని తెలిశాక ఆయనకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. పుట్టిన ఊళ్లోనైనా ఇంతమంది తన కోసం సంతకం పెట్టేవారా అనిపించింది.

నాగేశ్వరి మాత్రం కేలండరు తెచ్చి జనవరి నెల తిప్పి చూపించింది. జైలు కాదు, శిక్ష కాదు, చూడ్డానికి పోదామనుకున్నామని చెప్పింది. డప్పులు ఆగిపోయాయి. కిష్టమ్మ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది.

"గింత మంచి జాగ పెట్టుకొని మాకు చెప్పలేదేంది అమ్మా? మేం జేసిన తప్పు మేమే దిద్దుతం. జర ఓపిక పట్టు," అంది.

దిద్దింది. పంతులు రెండో అర్జీ రాశాడు. సారు దంపతులను దీవికి తప్పక పంపవలెననీ, అంత దూరం వాళ్లను ఒంటరిగా పంపడానికి మనసొప్పడం లేదు గనుక ఈ కింది వాళ్లం కూడా తోడు వెళ్తామనీ.

ఆగస్టులో ఐలయ్య మళ్లీ సైకిల్ దిగాడు. ఈసారి ఊరందరి గుణగణాలూ విచారించాలి, సాక్ష్యం చెప్పాల్సింది సీతారామాంజనేయులు. ఆయన తలుపు గడియ వేసి వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. కిష్టమ్మ గారికి నీళ్లంటే చచ్చేంత భయమన్నాడు. పంతులు గారికి ఉబ్బసమన్నాడు, ఓడ కదిలితే మనిషి దక్కడన్నాడు. వాళ్లంతా బంగారం లాంటి మనుషులు గనుక దయచేసి ఎవర్నీ పంపవద్దని చేతులు జోడించాడు.

ఐలయ్య పెన్ను మూత కూడా తీయలేదు.

"గివన్నీ పోయినసారి మీ గురించి రాసిన సారూ. రెండుసార్లు ఒక్క తీరుగ రాస్తే పెద్దసార్లు నమ్మరు. అందరు మంచోళ్లేనని రాసిన. మీరు సంతకం పెట్టుండ్రి."

సీతారామాంజనేయులు నిట్టూర్చి కాగితం అందుకున్నాడు. కిష్టమ్మతో మొదలైన జాబితా నలభై రెండు పేర్ల దాకా సాగింది. క్రితంసారి నలభై ఒక్కటే కదా అని కిందికి చూశాడు.

చివరి పేరు ఐలయ్యది.