నీ నొప్పి నేను మోస్తా!

మా యెరెవాన్‌లో డాక్టర్లు దండగ! లిఫ్టు మెకానిక్కులు మరీ దండగ! మాకు ఒక్క ఆర్మేనియన్ మాటుంది: "త్సవత్ తానెం". అది చాలు.

"త్సవ్" అంటే నొప్పి. "తానెం" అంటే మోసుకుపోనీ. ఈ మాట ఎక్కడ పుట్టిందని పండితులను అడిగితే ఏ పాత చర్చి దాకానో లాక్కెళ్తారు. నన్నడిగితే, బరువుతో మెట్లెక్కుతున్న వాణ్ణి చూస్తూ గోడకానుకుని నిలబడ్డవాడి నోట పుట్టి ఉంటుంది. ఎంత తెలివి! ఖర్చా? లేదు. శ్రమా? అసలే లేదు!

కూరగాయలవాడు కుళ్లిన టమాటాలు అంటగడుతూ ఇదే మాట అంటాడు. పళ్ల డాక్టరు మంచి పన్ను పీకేసి మరీ అంటాడు. ఇంతమంది మోసుకుపోతున్నా మన నొప్పులు ఇంకా మన దగ్గరే ఎందుకున్నాయంటారా? మీకు కృతజ్ఞత లేదు!

మా బిల్డింగ్ సంగతే చూడండి. చలికాలం వెళ్లగానే లిఫ్టు చచ్చింది. ఐదో అంతస్తు అర్పెనిక్ అవ్వకు మోకాళ్ల నొప్పులు. అప్పటినుంచి కిందికి దిగలేదు. రొట్టె, పాలు బాల్కనీలోంచి తాడు వదిలి బుట్టతో లాక్కుంటుంది. ఆవిడ కోరిక ఒక్కటే: ఆగస్టులో ద్రాక్షపళ్ల దీవెనకు చర్చికి వెళ్లాలి. దీవెన కాకుండా కొత్త ద్రాక్ష ఒక్కటీ నోట పెట్టదు.

"లిఫ్టు సంగతేం చేశావు నాయనా?" అని పైనుంచి రోజూ అడిగేది.

బిల్డింగ్ పెద్ద వాచగాన్ కింద పాచికలాడుతూ, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "త్సవత్ తానెం, అర్పెనిక్ జాన్!" అని, ప్రాణమా అన్నట్టు ముద్దుగా ఆ 'జాన్' కూడా తగిలించి, మళ్లీ ఆటలో పడేవాడు. లిఫ్టు బాగుచేయించేవాడికి ఇంత ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది?

దీవెన రోజు రానే వచ్చింది. అవ్వ మంచి స్కార్ఫు కట్టుకుని, మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని వాచగాన్‌ను పిలిపించింది.

"మోస్తానన్నావుగా బిడ్డా. మొయ్యి."

"అయ్యో, అదేదో మాటవరసకు అన్నాను అవ్వా!"

"నా నొప్పి మోకాళ్లలో ఉంది. విడిగా తీసివ్వడం నాకు చేతకాదు. వంగు!"

అన్ని అంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి. ఏం చేస్తాడు? వంగాడు. మూడో అంతస్తుకు ఆయాసం, రెండో అంతస్తుకు నడుం పట్టు. అవ్వకు నిజంగానే జాలేసింది. "త్సవత్ తానెం, వాచగాన్ జాన్" అంటూ వీపు మీదినుంచే అతని తల నిమిరింది.

చర్చిలో కళ్లనీళ్లు పెట్టుకుని ద్రాక్ష తిన్నది. అతని చేతిలో కూడా ఒక గుత్తి పెట్టింది. "తిను నాయనా, బలం కావాలి. మళ్లీ పైకెక్కాలిగా!"

మర్నాడే లిఫ్టు నడిచింది.

పాఠక మహాశయులారా, నా ఏడుపల్లా ఇదే. ఆ బంగారంలాంటి మాట మా బిల్డింగ్‌లో వినపడటం మానేసింది! నిన్న మా వంటింట్లో నీళ్ల పైపు పగిలిందని వాచగాన్‌కు చెప్పాను. అతను నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. అయ్యో అని కూడా అనకుండా ప్లంబరుకు ఫోన్ చేశాడు.