గౌరమ్మ అరువు తెచ్చిన అక్షరాలు

ఒక పెద్ద అడవిలో, అంటే అక్కడివాళ్లు పెద్దదని చెప్పుకునే అడవిలో, ఒక మడుగు ఉండేది. మడుగు గట్టున ఒక రేకు బోర్డు ఉండేది. తుఫాను వచ్చిన ఏడాది ఎక్కడి నుంచో వరదలో కొట్టుకొచ్చి అక్కడ దిగబడింది. దాని మీద రెండు మాటలు రాసి ఉన్నాయి. రాసి ఉన్నదాన్ని ఎవరూ కాదనలేరు, ముఖ్యంగా ఎవరికీ చదవడం రానప్పుడు.

ఒక్క నక్కకి మాత్రం వచ్చు. పేరు జంబుకేశం. ఊళ్లో బడి వెనక కోడిపెట్టల కోసం చాలాకాలం మాటు వేశాడనీ, పెట్టలు దొరక్క చదువు దొరికిందనీ అంటారు. నేను చూడలేదు.

ఎండాకాలం నీళ్లు తగ్గగానే జంబుకేశం బోర్డు పక్కన నిలబడి, ఏ జాతి ఏ వేళకి నీళ్లు తాగాలో చదివి వినిపించేవాడు. ఆ రెండు మాటల్లోంచి నలభై జాతుల వేళలు వచ్చేవి. ఇంత చిన్న రాతలో అంత విషయం ఎలా పట్టిందని తాబేలు కూర్మారావు ఒకసారి అడిగితే, ఉత్తర్వుల భాష అలాగే క్లుప్తంగా ఉంటుందని చెప్పాడు. కూర్మారావు నూట ఇరవై ఏళ్లవాడు. అంత వయసొచ్చాక తెలియలేదని ఒప్పుకోవడం కష్టం కాబట్టి తల ఊపాడు.

అడవిపంది వరహాలయ్య బురద తవ్వి పీతలు తెచ్చిపెట్టేవాడు. పందుల వేళ పొద్దున్నే అని బోర్డులో ఉండేది. ఎలుగుబంటి సన్యాసమ్మ తేనెపట్టు తెచ్చేది. ఎలుగుల వేళ చల్లటి సాయంత్రం అని ఉండేది. జింకల్లో పెద్ద జాతి కణితి. ఆ కణితి గౌరమ్మ దగ్గర గడ్డి తప్ప ఏమీ లేదు. జంబుకేశం గడ్డి తినడు. కణితుల వేళ మిట్టమధ్యాహ్నం అని ఉండేది.

మిట్టమధ్యాహ్నానికి మడుగులో మిగిలేది బురద. దానికోసం కాలే రాళ్ల మీద మైలు దూరం నడవాలి. కిందటి వైశాఖంలో గౌరమ్మ చెల్లెలు ఆ రాళ్ల మీదే పడి మళ్లీ లేవలేదు. ఈసారి గౌరమ్మ కూతురు చూలాలు.

ఇలా ఉండగా పక్క అడవి పులి, తన అడవిలో పెద్దలందరికీ చదువు వచ్చేసిందని చాటించింది. అది విన్న మన సింహం సింహాచలం గారికి రెండు రోజులు వేట సహించలేదు. ఎండలు ముదిరేలోగా తన అడవిలో పెద్దలందరూ అక్షరాస్యులు కావాలని ఉత్తర్వు ఇచ్చారు. అక్షరాస్యుడంటే ఎవరని మంత్రులు అడిగితే, సంతకం పెట్టగలిగినవాడు అన్నారు. ఆయనకు అప్పటికి తెలిసింది అంతే. అదీ అప్పుడే నేర్చుకుంటున్నారు.

పంతులు ఎవరు? చదువొచ్చినవాడు ఒక్కడే.

జంబుకేశానికి గుండె జారింది. వీళ్లకి చదువొస్తే పీతలు రావు. తర్వాత ఉత్తర్వు మళ్లీ గుర్తు చేసుకున్నాడు, సంతకం చాలు. ఎవరి పేరు వాళ్లకి నేర్పితే సరి. మూడు నాలుగు అక్షరాలతో ఎవడు ఏం చదవగలడు? బెంగ తీరి ఆవులించాడు.

వాగు ఇసుకలో సాయంత్రం బడి మొదలైంది. చేరేవాళ్లని ఎందుకు చేరుతున్నారో అడిగి రాసుకోమని పైనుంచి చెప్పారు. వరహాలయ్య కారణం, సభలో తను కాలిముద్ర వేసిన చోటల్లా బురద అంటుతోందని అందరూ నవ్వడం. సన్యాసమ్మది వేరే బాధ. ముగ్గురు పిల్లలు, ఒక మొగుడు, గుహ నిండా పని. ఇంట్లో కాసేపు కూర్చుంటే ఖాళీగా ఉందంటారు, బళ్లో కూర్చుంటే చదువుకుంటోందంటారు అని చెప్పింది. ఇంటిపట్టున ఉండలేక వచ్చానన్నాడు కూర్మారావు. ఇల్లు వీపు మీదే ఉందని ఎవరూ గుర్తు చేయలేదు.

జంబుకేశం అందరికీ ఒకటే రాశాడు: అడవి ప్రగతి కోసం.

గౌరమ్మ వంతు వచ్చింది.

"నువ్వెందుకమ్మా?"

"ఆ బోర్డు చదవాలి పంతులుగారూ."

జంబుకేశం చేతిలో పుల్ల ఆగింది. "నేను చదివి పెడుతున్నాగా?"

"మీకెందుకు శ్రమ."

ఆమెకి కూడా అడవి ప్రగతి కోసం అని రాసి, ఇసుకలో గౌరమ్మ అని గీసి, దిద్దుకోమన్నాడు. ఒక్కొక్కరికీ ఒక్కో చోట పేరు గీసిచ్చి, వాగు పక్కన ఉన్న ఒకే ఒక్క నీడబండ మీద పడుకున్నాడు. రోజూ ఇదే పాఠం. విద్యార్థులు దిద్దుకునేవారు, ఆయన గురక పెట్టేవాడు.

పెద్దవాళ్లని ఒకచోట కూర్చోబెట్టి, చూసేవాడు నిద్రపోతే ఏం చేస్తారు? మాట్లాడుకుంటారు. ముందు ఎవరి కోడలు ఎలాంటిదో మాట్లాడుకున్నారు. అది పదిరోజులు పట్టింది. తర్వాత పేర్ల మీద పడ్డారు. వరహాలయ్య తన పేరులో ఐదక్షరాలున్నాయని, మూడే ఉన్నవాళ్ల పక్కన కూర్చోవడం మానేశాడు.

గౌరమ్మకి తన మూడూ వచ్చేశాయి. వాటిని పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే, అందులో ఒక్కటే కనిపించింది, ర. మిగతావి ఎవరి పేర్లలోనో ఉండి ఉండాలి అనుకుంది. మర్నాడు, తోడుకి మజ్జిగ అడిగినట్టు, సన్యాసమ్మ దగ్గరికి వెళ్లింది.

"వదినా, నీ పేరులో మొదటిదీ రెండోదీ ఒకసారి చూపించు."

సన్యాసమ్మ చూపించింది. స వచ్చింది, ఒత్తు తీసేస్తే న వచ్చింది. బదులుగా గౌరమ్మ తన గ చూపించింది. ముళ్లపంది కోటయ్య దగ్గర ట, కుందేలు అమ్మాజీ దగ్గర అ, కొండగొర్రె దేముడమ్మ దగ్గర ద దొరికాయి. రా ఎలా ఉంటుందో కూర్మారావు చూపించాడు, కాకపోతే గీసేసరికి చీకటి పడింది. సున్నా మాత్రం జంబుకేశం సంతకంలోంచే తీసుకుంది. ఆయన పేరులో రెండున్నాయి, ఒకటి పోయినా తెలియదు. గుణింతాల గుర్తులు కూడా ఇలా పేర్లలోంచే ఏరుకుంది.

వరహాలయ్య దగ్గర చిక్కొచ్చింది. అతని ల కావాలి.

"మా తాతల నాటి పేరమ్మా ఇది," అన్నాడు మూతి పైకెత్తి. "ఇందులో అక్షరాలు ఇంటింటికీ పంచేవి కావు."

"పంచొద్దులే బావా. కోటయ్య నీకు సరిగ్గా రాయడం రాదంటున్నాడు, అది నిజమో కాదో చూద్దామని."

వరహాలయ్య అప్పటికప్పుడు ఇసుకలో తన పేరు ఏడుసార్లు రాశాడు. గౌరమ్మకి ల వచ్చింది. కోటయ్య పాపం ఆ మాట అననేలేదు. కానీ అతని మీద వరహాలయ్యకి ఇప్పటికీ కోపమే.

ఇలా బోర్డంతా తెలిసింది, ఒక్కటి తప్ప. రెండో మాట మధ్యలో ఉన్న ఆ అక్షరం బళ్లో ఎవరి పేరులోనూ లేదు. ఊహించి చదివెయ్యరాదా అంది సన్యాసమ్మ.

"ఊహించి చదివితే పంతులుగారికీ నాకూ తేడా ఏముంది వదినా?" అంది గౌరమ్మ.

ఎండలు ముదిరాయి. కూతురికి నెలలు నిండాయి. అడవి అక్షరాస్యమైందని ప్రకటించడానికి సింహాచలం గారు పొద్దున్నే మడుగు దగ్గరికి వచ్చారు. అందరూ వరసగా ఇసుకలో సంతకాలు పెట్టారు. మంత్రులు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత బోర్డు చదివి ఈ ఎండాకాలం వేళలు ప్రకటించడానికి జంబుకేశం గొంతు సవరించుకున్నాడు.

అంతకు ముందు రాజుగారు కూడా సంతకం పెట్టాలి. ఆయన పైకి పలకనిదే రాయలేరు. "సిం," అన్నారు, గీశారు. "హా," అన్నారు, గీశారు. "చ," అన్నారు.

గౌరమ్మ ఆ గీతనీ బోర్డునీ మార్చి మార్చి చూసింది. తర్వాత వరసలోంచి బయటికి వచ్చి, బోర్డు ముందు నిలబడి చదివింది. మెల్లగా, ఒక్కొక్క అక్షరమే.

"నోటీసులు అంటించరాదు."

జంబుకేశం బోర్డుకీ రాజుగారికీ మధ్యకి వచ్చాడు.

"మహారాజా," అన్నాడు జంబుకేశం, "ఆమె చదివింది పైకి కనిపించే అర్థం. లోపలి అర్థం వేరే ఉంటుంది."

వరహాలయ్య ముందుకొచ్చాడు. అతనికి పొద్దున్నే నీళ్లు దొరుకుతున్నాయి, పేచీ పెట్టాల్సిన పని లేదు. కానీ విషయం తాతల నాటి పేరు దాకా వచ్చింది. "ఆ ల మాది. అది లు అనే అంటోంది. లోపల ఇంకేమీ లేదు," అన్నాడు. సన్యాసమ్మ తన స దగ్గరా న దగ్గరా నిలబడింది. కోటయ్య ట అన్నాడు, అమ్మాజీ అ అంది, దేముడమ్మ ద అంది. కూర్మారావు బయల్దేరాడు. అతను వచ్చి రా అనేదాకా అందరూ ఆగారు.

ఇక మిగిలింది చ. అందరూ రాజుగారి వైపు చూశారు.

సింహాచలం గారు బోర్డు దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించి చూశారు. "ఇది మాదే," అన్నారు. జంబుకేశం వైపు తిరిగారు.

"అయితే ఏడేళ్లుగా నేను తెల్లవారుజామునే ఎందుకు లేస్తున్నాను?"

రాజుల వేళ సూర్యుడికన్నా ముందు అని బోర్డులో ఉండేది మరి. పీతలు తెచ్చేవాళ్లు వచ్చేసరికి రాజుగారు వెళ్లిపోయి ఉంటే జంబుకేశానికి సౌకర్యం. రాజుగారికేమో నిద్రంటే ప్రాణం.

జంబుకేశం తోక ముడిచి బోర్డు పక్కనుంచి తప్పుకున్నాడు.

ఈ గొడవ జరుగుతుండగానే గౌరమ్మ కూతుర్ని మడుగులోకి నడిపించింది. రాత్రంతా కదలకుండా తేటపడిన నీళ్లు. ఆ పిల్ల మోకాళ్ల దాకా దిగి, ఎవరినీ అడగకుండా, తల ఎత్తకుండా తాగింది.

నక్కకి శిక్ష పడిందా అని అడుగుతారు. ఎలా పడుతుంది? కణితి బోర్డు చదివేసిందన్న వార్త పక్క అడవికి పాకింది. అక్కడి పెద్దలకి సంతకాలే వచ్చు. పులి సిగ్గుపడి, అంత గొప్ప పంతుల్ని మాకు పంపమని కబురు పెట్టింది. సింహాచలం గారు వెంటనే పంపేశారు, దండ వేసి మరీ.

అక్కడ జంబుకేశం బడి ఇప్పుడు చాలా కట్టుదిట్టంగా నడుస్తోందట. ఒక్కో విద్యార్థికి ఒక్కో చెట్టు, చెట్టుకీ చెట్టుకీ మధ్య కేక వినపడనంత దూరం. పంతులు ఒక్క కునుకైనా తీయడట.

నీతి: పెద్దవాళ్లకి చదువు రాకూడదనుకుంటే వాళ్లని పక్కపక్కన కూర్చోబెట్టకండి.