సుంకమ్మ పీకిన ఫ్యూజు

పిల్లలు కరెంటుతో ఆడుకోకూడదని పెద్దలంతా ఒక్క గొంతుతో చెబుతారు. తప్పు! ఆడుకోవాలి. నన్నడిగితే, షాకు తిన్న పిల్ల ఒక్కతైనా లేని ఇంటికి అసలు కనెక్షనే ఇవ్వకూడదు. దరఖాస్తు ఫారంలో తండ్రి పేరు కింద ఆ గడి కూడా ఒకటి అచ్చువేయాలి.

కోపం తెచ్చుకోకండి. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో సుంకమ్మ అనే పదకొండేళ్ళ పిల్లకు జరిగింది విన్నాక, నా మాట ఎంత సబబో మీకే తెలుస్తుంది.

యాభైల చివర్లో ఆ వీధికి కరెంటు స్తంభాలు వచ్చాయి. మొదటి కనెక్షన్ సుంకమ్మ తండ్రి రామలింగప్ప తీసుకున్నాడు. ఆయన చీరలు నేసేవాడు. చీర అంచు మీద చిలకల్ని ఎగిరించగల పనితనం ఉన్నవాడే గానీ, కరెంటు గురించి ఆయనకు తెలిసిన సంగతి ఒక్కటే. అది తనది!

అందుకని స్విచ్ తనే వేసేవాడు. వేసే ముందు చేతులు తుడుచుకుని, కొయ్య పాంకోళ్ళు తొడుక్కుని, గొంతు సవరించుకునేవాడు. దీపాల వేళకు అరుగు ముందు జనం చేరేవారు. బల్బు వెలగగానే రామలింగప్ప వాళ్ళ వైపు తిరిగి, తనే వెలిగినట్టు నిలబడేవాడు. ఎప్పటికైనా రేడియో కొంటానని నడవ గోడకు ఒక ప్లగ్గు కూడా పెట్టించాడు. రేడియో రాలేదు. ప్లగ్గు మాత్రం తన రెండు కళ్ళతో రోజూ సుంకమ్మను చూస్తూ ఉండేది.

దాన్ని ఎందుకు ముట్టుకోకూడదని సుంకమ్మ అడిగింది. ముట్టుకోకూడదు గనుక ముట్టుకోకూడదని తండ్రి చెప్పాడు. ఇంతకంటే స్పష్టమైన జవాబు ఏ పెద్దమనిషి ఇవ్వగలడు?

బడిలో సైన్సు చెప్పే లేవి సారు మాత్రం ఇంకో రకం మనిషి. ఇనుములో, రాగిలో, ఉప్పునీళ్ళలో, మనిషి ఒంట్లో కరెంటు పారుతుందనీ, ఎండిన కొయ్యలో, పింగాణీలో పారదనీ ఆయన చెప్పారు. తడినేల మీద నిలబడి కరెంటును తాకితే అది ఒంట్లోంచి భూమిలోకి పోతుందనీ, పోతూ పోతూ గుండెను ఆపేస్తుందనీ కూడా చెప్పారు. క్లాసులో అందరూ దాన్ని నోట్సులో రాసుకున్నారు. సుంకమ్మ ఇంటికి తెచ్చుకుంది.

మొదటి పరిశోధన రాట్నం కదురుతో జరిగింది. బల్బు వెలగనప్పుడు కరెంటు ఎక్కడ కూర్చుని ఉంటుందో చూద్దామని, ప్లగ్గు పక్కనున్న స్విచ్ వేసి, ఆ ఇనుప కదురును ప్లగ్గు కంతలో పొడిచింది. నీలం మెరుపు ఒకటి మెరిసింది. టప్పుమని శబ్దం వచ్చింది. సుంకమ్మ వెనక్కి ఎగిరి, నూలుకు పెట్టడానికి కాచి ఉంచిన గంజి తొట్టిలో పడింది.

అప్పుడే వాళ్ళ అవ్వ సుబ్బక్క కర్ర పొడుచుకుంటూ నడవలోకి వచ్చింది. ఆరేళ్ళుగా ఆమెకు మోకాళ్ళ నొప్పులు. తొట్టిలోంచి తెల్లటి ఆకారం ఒకటి లేచి కళ్ళు తెరవడం చూసి, ఈరన్న స్వామిని తలుచుకుని, చేతిలో కర్ర విసిరింది. గురి తప్పలేదు. కరెంటు వల్ల పిల్లకు గీత కూడా పడలేదు గానీ, కర్ర వల్ల లేచిన బొప్పి వారం దాకా తగ్గలేదు. మరి ఈ రెండిట్లో ప్రమాదకరమైనది ఏది?

దీపాల వేళకు బల్బు వెలగలేదు. రామలింగప్ప పాంకోళ్ళు రెండుసార్లు విప్పి తొడిగినా వెలగలేదు. మర్నాడు వైర్‌మన్ గోపన్న వచ్చాడు. గోడను తట్టి, గాలి వాసన చూసి, ఈ వీధికొచ్చే కరెంటు కొత్తది గనుక చిక్కగా ఉందని తేల్చాడు. తనకూ ఆ అనుమానమే ఉందని రామలింగప్ప అన్నాడు. తర్వాత గోపన్న అరుగు మీది మెయిన్ ఆపి, పెట్టెలోంచి తెల్లటి పింగాణీ బిళ్ళ ఒకటి లాగి, అందులో కాలిపోయిన తీగ మార్చాడు. దాని పేరు ఫ్యూజని చెప్పాడు.

"ఇది పీకేస్తే ఇంట్లో యాడా కరెంటు ఉండదా అన్నా?" అని సుంకమ్మ అడిగింది.

"యాడా ఉండదు పాపా. దీన్ని జోబులో ఏసుకోని పోతే ఇల్లు సచ్చినట్టే."

సుంకమ్మ ఆ మాటను మనసులో దాచుకుంది. ఆ తర్వాత తడి నూలులో కరెంటు పారుతుందా లేదా అని తెలుసుకోబోయి ఇంటి పిల్లిని అటక ఎక్కించింది. పారుతుందని తేలింది. పిల్లి మూడు రోజులు దిగలేదు. పాలు అటక మీదికే పంపాల్సి వచ్చింది.

అసలు ఉపకారం ఆ తర్వాత జరిగింది. సుంకమ్మ తల్లి పొలం పనికి పోయిన రోజున, అవ్వ మోకాళ్ళకు కాపడం పెట్టడానికి వేణ్ణీళ్ళు కావాల్సి వచ్చాయి. కట్టెలు వానకు తడిసి ఉన్నాయి. బల్బు వేడెక్కుతుంది గనుక నీళ్ళూ వేడెక్కాలని సుంకమ్మ లెక్కవేసింది. ప్లగ్గులోంచి రెండు తీగలు లాగి ఇత్తడి గంగాళంలోకి వదిలింది. తను పిలిచేదాకా నీళ్ళు తాకొద్దని అవ్వకు మరీ మరీ చెప్పింది. ఏ పెద్దవాళ్ళైనా పిల్ల మాట వింటారా? సుబ్బక్క కొయ్యపీట మీద కూర్చుని, కాగాయో లేదో చూద్దామని చిటికెన వేలు ముంచింది.

ముంచీ ముంచగానే లేచింది. పీట ఒకవైపు పడింది, కర్ర ఒకవైపు పడింది. సుబ్బక్క వాకిలి దాటి, అరుగు దిగి, వీధిలో నాలుగిళ్ళు దాటిపోయాక గానీ తన చేతిలో కర్ర లేదని గమనించలేదు. వెనక్కి కూడా అదే నడకతో వచ్చింది. మనవరాలిని పక్కకు పిలిచింది.

"ఏమ్మే సుంకీ, ఆ నీళ్ళల్లో ఏమేసినావే?"

"కరెంటవ్వా."

సుబ్బక్క గంగాళంలోకి తొంగి చూసింది. "ఇంగా రవ్వంత ఉండాదా?" అంది.

సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. రామలింగప్ప ముందు కూతురికి రెండు తగిలించాడు. తర్వాత తన తల్లి సుబ్బక్క కర్ర లేకుండా తిరగడం చూశాడు. ఆ రెండు దెబ్బల గురించి ఇంకేమీ మాట్లాడకుండా, ఈ వైద్యం తన కరెంటు మహిమేనని అరుగెక్కి చెప్పాడు. తెల్లవారేసరికి వాకిట్లో నడుములు, భుజాలు, మెడలు పట్టేసినవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఉత్త చేతులతో రాకూడదని ఒకరు సొరకాయ తెచ్చారు, ఒకరు చేటెడు పచ్చి శనక్కాయలు తెచ్చారు.

రామలింగప్ప వైద్యాన్ని మెరుగుపరిచాడు కూడా. వేలు ముంచితేనే ఇంత గుణం ఉంటే, రెండు కాళ్ళూ ముంచితే ఎంత ఉండాలి? పీట అడ్డమని తీసేశాడు. నీళ్ళు చిందిన బండల మీదే జనాన్ని కూర్చోబెట్టాడు.

సుంకమ్మ అది చూసింది. తండ్రి దగ్గరికి పోయి, అవ్వ బతికింది కొయ్యపీట మీద ఉండబట్టేననీ, తడి బండ మీద కూర్చుంటే మనిషి చచ్చిపోతాడనీ లేవి సారు చెప్పిన పాఠమంతా చెప్పింది. బండ తుడవబోయింది. రామలింగప్ప ఆ గుడ్డ లాక్కున్నాడు.

"నాలుగచ్చరాలు సదివి నాకు జెప్తాండావా? పక్కకు పో."

పక్కింటి రామసుబ్బమ్మ అప్పటికే కాళ్ళు గంగాళంలో పెట్టేసింది. ఆమె రోజూ సుంకమ్మకు జడ వేసే మనిషి. రామలింగప్ప పాంకోళ్ళు తొడుక్కుని, గొంతు సవరించుకుంటున్నాడు. సుంకమ్మ అరుగు మీదికి పరిగెత్తింది. జొన్నల మూట ఎక్కి, మెయిన్ ఆపి, పింగాణీ బిళ్ళ లాగి, పావడ బొడ్లో దోపుకుంది.

లోపల స్విచ్ టిక్కుమంది. ఆ వెంటనే రామసుబ్బమ్మ పెట్టిన కేక సంతపేట దాకా వినిపించింది.

సుంకమ్మ మూట మీదే కూలబడింది. పీకాల్సింది కాకుండా ఇంకేదో పీకానని, రామసుబ్బమ్మ తన చేతుల్లోనే పోయిందని అనుకుంది. అంతలో రామసుబ్బమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని బయటికి వచ్చింది. ముందుకు వంగింది, వెనక్కి వంగింది. అరికాలి నుంచి నడుం దాకా జివ్వుమని పాకిందనీ, పదేళ్ళ నొప్పి ఆ దెబ్బతో పోయిందనీ అందరికీ చెప్పింది.

ఆ వెనక వరసలో ఉన్న మారెన్న భుజం విడిచింది. కంబన్న మెడ తిరిగింది. కరెంటు లేని కరెంటు ఇంత గొప్పగా పనిచేస్తుందని లేవి సారు కూడా చెప్పి ఉండరు!

ఇలా మూడు రోజులు గడిచాయి. సుంకమ్మ పొద్దున్నే ఫ్యూజు పీకేది, దీపాల వేళకు ముందు పెట్టేసేది. పగటిపూట బల్బు వేసే అలవాటు ఇంట్లో లేదు గనుక ఎవరికీ తెలియలేదు. కానీ కాపలా వదిలి బడికి ఎలా పోతుంది? లేవి సారు కబురు పంపితే, పిల్లకు ఇంట్లో పని ఉందని తండ్రి చెప్పించాడు. సుంకమ్మ మూట మీద కూర్చుని, బొడ్లో చెయ్యి పెట్టుకుని, రోజూ ఆ కేకలు వింది. ఒక్కో కేకకూ ఒక్కోసారి చచ్చి బతికింది.

నాలుగో రోజు, పొద్దు వాలే వేళకు, నందవరం వైపు నుంచి బండి కట్టుకుని భూస్వామి వెంకటప్ప వచ్చాడు. ఇద్దరు పట్టుకుంటే తప్ప దిగలేకపోయాడు. గంగాళంలో కాళ్ళు పెట్టాడు. స్విచ్ టిక్కుమంది. వెంకటప్ప గావుకేక పెట్టి లేచి, నడవలో ఆ చివరికీ ఈ చివరికీ ఎవరి సాయమూ లేకుండా తిరిగాడు. పొంగిపోయిన రామలింగప్ప, అంత పెద్దమనిషిని చీకట్లో నిలబెట్టడం మర్యాద కాదని బల్బు స్విచ్ కూడా వేశాడు.

వెలగలేదు.

భుజం చూపించుకోవడానికి వచ్చి వరసలో కూర్చున్న గోపన్నను పిలిచారు. ఆయన అరుగు మీది పెట్టె తెరిచి, ఫ్యూజు లేదన్నాడు. ఫ్యూజు లేకుంటే ప్లగ్గులోకి కూడా కరెంటు రాదని, అడక్కుండానే చెప్పాడు. అందరూ వెంకటప్ప వైపు చూశారు. వెంకటప్ప నడుం పట్టుకుని, మెల్లగా, చాలా మెల్లగా కింద కూర్చున్నాడు.

సుంకమ్మ బొడ్లోంచి బిళ్ళ తీసి ముందు పెట్టింది. మొదటి రోజు నుంచీ పగలు కరెంటు లేదని ఒప్పుకుంది. అంతే! రామసుబ్బమ్మ నడుం పట్టేసింది. మారెన్న భుజం పడిపోయింది. కంబన్న మెడ అప్పుడు ఎటు తిరిగి ఉందో అటే ఉండిపోయింది. నిక్షేపంగా ఉన్న తమ ఒళ్ళను ఈ పిల్ల పాడుచేసిందని వాకిలంతా ఏకమై తిట్టింది. రామలింగప్ప ముఖం మాడిపోయింది. రేపటి నుంచి దీనికి బడి లేదు, ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటుందని అందరి ముందూ తీర్పు చెప్పాడు.

గోపన్న ఈ గోలలో లేడు. లోపలికి పోయి గంగాళం చూశాడు, తీగలు చూశాడు, తడి బండ చూశాడు. బయటికి వచ్చి రామలింగప్ప ఎదురుగా నిలబడ్డాడు. స్తంభాల మీద ఇద్దరు తోటివాళ్ళు పోవడం చూసిన మనిషి.

"ఆ బిళ్ళ పెట్టెలో ఉండింటే, మొదటి దినమే ఈ వాకిట్లో పాడె కడ్తాండిరి రామలింగప్పా," అన్నాడు.

తిట్లు ఆగిపోయాయి. రామసుబ్బమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత సుంకమ్మ వైపు చూసింది. చూసి, నడుం సంగతి మరిచిపోయి చరచరా వచ్చి పిల్లను పట్టుకుంది.

రామలింగప్ప మాత్రం మెత్తబడలేదు. తన తల్లికి తగిలింది అసలైన కరెంటే కదా, ఆమె మోకాళ్ళు బాగయ్యాయి కదా అని వాదించాడు. అప్పుడు సుబ్బక్క గడప మీద కూర్చుంది.

"మూడో దినమే మల్లా మొదలైనాయిరా నొప్పులు. నీ పరువు పోతాదని పండ్లు కరుసుకోని తిరుగుతాండా. పిల్లను బడికి పంపు నాయనా. ఇంట్లో ఒకరికన్నా ఎరిక ఉండాల."

రామలింగప్ప లోపలికి నడిచాడు. తర్వాత వంగి, తీగలు రెండూ చుట్ట చుట్టి గోపన్న చేతికిచ్చాడు. మర్నాడు సుంకమ్మ సంచి తగిలించుకుని వాకిలి దాటుతుంటే, మగ్గం గుంటలోంచి తలెత్తి చూశాడే గానీ అడ్డం చెప్పలేదు. లేవి సారును ఒకసారి ఇంటికి రమ్మని చెప్పమన్నాడు. మొహమాటంగా, తనకూ కొన్ని సందేహాలున్నాయన్నాడు.

వీధి పెద్దలు కూడా తగిన చర్య తీసుకున్నారు. పిల్లల వల్లే ఇంత అనర్థం వచ్చింది గనుక, పిల్లల్ని కరెంటుకు దూరం పెట్టే హెచ్చరిక ఒకటి కావాలని వేలిముద్రలతో అర్జీ పంపారు. నెల తర్వాత గోపన్న ఎర్రక్షరాల బోర్డు తెచ్చి స్తంభానికి బిగించాడు. 'ప్రమాదం! పిల్లలను దూరముగా ఉంచుడు' అని దాని మీద రాసి ఉంది. చదవడం వచ్చినవాళ్ళు వీధి పెద్దల్లో ఒక్కరూ లేకపోవడంతో, బడి నుంచి వస్తున్న సుంకమ్మను పిలిచి, ఏం రాశారో చదివి చెప్పమన్నారు.

సుంకమ్మ బోర్డును ఒకసారి చూసింది. పెద్దల్ని ఒకసారి చూసింది.

"ప్రమాదం. పెద్దలను దూరముగా ఉంచుడు," అని గట్టిగా చదివింది.

చాలా బాగా రాశారని పెద్దలంతా తలూపారు. ఇంకో నాలుగు స్తంభాలకు కూడా ఇదే కట్టించాలని కంబన్న సలహా ఇచ్చాడు. అక్కడున్నవాళ్ళలో చదువొచ్చిన మరో మనిషి గోపన్న ఒక్కడే. నవ్వు ఆపుకోలేక, పనేమీ లేకపోయినా గబగబా స్తంభం ఎక్కేశాడు.