మంచి రోజు నుంచి వచ్చిన నర్సమ్మ

జిల్లా బాలికల కబడ్డీ జట్టులోకి కొత్త రైడర్‌ను తీసుకునేముందు, వెనకటి రైడర్‌ను ఆమె ఆడిన కాలం నుంచే రప్పించి, ఇద్దరినీ ఎదురెదురుగా ఆడించి చూడడం క్రీడల ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇందులో పెద్ద హడావుడి ఏమీ ఉండదు. జీపు పొద్దున్నే వెనక గేటులోంచి వెళ్ళి, టిఫిన్ల వేళకు మనిషిని ఎక్కించుకుని తిరిగొస్తుంది. గేటు అవతల ఏ సంవత్సరం ఉంటుందో డ్రైవరుకు తెలుసు. దుమ్ము ఎక్కువన్నది తప్ప అతనికి వేరే ఫిర్యాదు లేదు.

ఈసారి ఎంపికకు వచ్చిన పిల్ల సత్యవేణి. నలుగురిలో నోరెత్తదు గానీ, గీత దాటి కూత అందుకుందంటే ఎదుటివాళ్ళు తమకు తెలియకుండానే వెనక్కి జరుగుతారు. జట్టులో ఖాళీ ఒక్కటే. అది దక్కితే క్రీడల హాస్టల్లో సీటు, చదువు. దక్కకపోతే మేనత్త వెంట రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఇంట్లో ఆ మాట ఖాయమైపోయింది. అయినా సత్యవేణికి బెంగ లేదు. తనను పట్టి ఆపేవాళ్ళు లేరని ఆమెకు తెలుసు.

జీపులోంచి లంగా ఎగ్గట్టుకున్న పిల్ల ఒకతి దిగింది. కాళ్ళకు చెప్పులు లేవు. పేరు అప్పలనర్సమ్మ. సత్యవేణికి ఆట నేర్పిన డ్రిల్లు టీచరూ ఈ అప్పలనర్సమ్మే. యాభై దాటిన ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మైదానం గట్టు మీద కూర్చుని ఉంది. ఇద్దరూ ఒక్కరే కావడానికి నిబంధనల్లో అభ్యంతరం లేదు.

"ఓలమ్మో, ఎంత సన్నగా ఉండేదాన్నో!" అంది టీచరు.

"ఏటలా సూస్తన్నావు? అచ్చం మా యమ్మలాగున్నావు" అంది పిల్ల నర్సమ్మ.

సూపరింటెండెంట్ వరహాలరావు కాలాల తేడాకు ఇచ్చే సర్దుబాటు మార్కులు చదివారు. సత్యవేణి మ్యాట్లు, బూట్లు ఉన్న కాలంలో పుట్టింది కనుక కొంత కోత. అవి ఆమె బడికి రాలేదన్నది లెక్కలోకి రాదు. నర్సమ్మ నూతి నీళ్ళు మోసి వచ్చి ఆడేది కనుక ఆమెకు కలిపారు.

"నేనూ మోస్తానండి" అంది సత్యవేణి నేల చూపులు చూస్తూ.

"మీ ఊరికి కుళాయి వేశారు కదమ్మా."

"నీళ్ళు రావండి."

"నీళ్ళు రావడం వేరే సెక్షన్" అన్నారాయన ఓర్పుగా.

ఇంకో నిబంధన కూడా ఉంది. వెనకటివాళ్ళను వాళ్ళు ఆడిన రోజులన్నిటిలోకీ మంచి రోజు నుంచి తెస్తారు. ఇప్పటివాళ్ళు మాత్రం ఇవాళ ఎలా ఉంటే అలాగే రావాలి. సత్యవేణి దారి పొడుగునా బస్సులో నిలబడి వచ్చింది. నిన్న ప్రాక్టీసులో కాలి బొటనవేలి గోరు లేచిపోయింది.

ఆమె కూత అందుకుంది. నర్సమ్మ భుజం తాకి గిర్రున తిరిగింది. నడిమి గీత చెయ్యి చాస్తే అందే దూరంలో ఉండగా, చీలమండ మీద పట్టు పడింది.

"ఒగ్గకే గుంటా! ఒగ్గకు!" అని గట్టు మీంచి టీచరు అరిచింది. ఇద్దరిలో ఎవరికి చెబుతోందో ఆవిడకే తెలియలేదు. పట్టు వీడలేదు. సత్యవేణి కూత తెగింది. తర్వాత నర్సమ్మ కూతకు వచ్చి, సత్యవేణిని తాకి, లంగా అంచు కూడా అందనీయకుండా వెళ్ళిపోయింది. టీచరు చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టాయి. ఆవిడ వాటిని కొంగు కింద దాచుకుంది.

"వెనకటివాళ్ళకు సాటి రాలేదు. ఖాళీ అలాగే ఉంచడమైనది" అని వరహాలరావు ప్రకటించారు.

నర్సమ్మ జీపు ఎక్కుతుండగా సత్యవేణి అడిగింది. "జట్టులో నువ్వు చాన్నాళ్ళు ఆడావా అక్కా?"

"నానా? నన్నెవులు తీసుకున్నారు! మా కాలంలో, అంతకు ముందాడిన సూరమ్మని తెచ్చి నా మీదకి తోలినారు. ఆ యమ్మ నన్ను కదలనిచ్చింది కాదు."

అందుకే ఏడుగురు ఆడాల్సిన జట్టు ఎప్పుడూ ఆరుగురితోనే పోటీలకు వెళ్తుంది. ఓడి వచ్చిన ప్రతిసారీ, వెనకటి సత్తా ఇప్పటి పిల్లల్లో లేదని పేపర్లో రాస్తారు.

"నీ మంచి రోజు ఏదో చెప్పమ్మా, రాసుకుంటాను. రేపు నిన్నూ పిలవాలి కదా" అన్నారు వరహాలరావు.

"అది ఇంకా రాలేదండి" అంది సత్యవేణి. ఈసారి తల ఎత్తే ఉంది. "ఫ్యాక్టరీకైనా జీపు వస్తుందాండీ?"

"ఎక్కడికైనా వస్తుంది."

"అయితే సరేనండి."

తిరుగు బస్సులో ఆమెకు సీటు దొరికింది. పక్కావిడ ఒళ్ళో ఏడాది నిండని ఆడపిల్ల ఒకటే కాళ్ళు ఆడిస్తోంది. సత్యవేణి కాసేపు చూసి, చెయ్యి చాచి, ఆ చిన్న చీలమండను రెండు వేళ్ళతో పట్టుకుంది. పాప కిలకిలా నవ్వుతూ తన్నింది, గింజుకుంది, గట్టిగా లాక్కుంది.

"దీని కాళ్ళలో బలముందండి" అంది సత్యవేణి మెచ్చుకోలుగా. తన ఊరు వచ్చేదాకా వదల్లేదు.