ప్రాసెసర్‌కి జ్వరం

ఉదయమే పాఠ్యపుస్తకం ప్రూఫులు ముగించేసి మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయాలని ప్రూఫ్‌రీడర్ అనుకున్నాడు. కంప్యూటర్ సాగనిస్తేగా! ఒక్క అక్షరం దిద్దితే, అది తెర మీదికి వచ్చేలోపు టీ చల్లారిపోతోంది. పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ప్రాసెసర్ అరిగిపోయిందని తేల్చుకుని ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఏళ్ల తరబడి ఒంటరి గదిలోంచే పనిచేస్తున్న ఆయన గొంతును మేనేజరు ఒక పట్టాన పోల్చుకోలేకపోయాడు.

"ఇవాళ పని కాదండీ. అది పొద్దుట్నుంచీ ఉలకదు, పలకదు. ఒళ్లు కాలిపోతోంది."

"అయ్యయ్యో! డాక్టరుకి చూపించారా?"

"డాక్టరెందుకండీ? దానికి వయసైపోయింది. తీసేసి కొత్తది తెచ్చుకోవడమే."

"ఏం మాటలండీ అవి! ఇన్నాళ్లూ మీతో కాపురం చేసిన మనిషి!"

లేని భార్యకు జ్వరం వచ్చిందని ప్రూఫ్‌రీడర్‌కు అప్పుడు అర్థమైంది. నిజం చెప్పబోయాడు. ఇంతలో మేనేజరు గొంతు మెత్తబడింది.

"సర్లెండి, కంగారులో అన్నారు. ముందు మీరేమైనా తిన్నారా?"

ఆ మాట ఆయన్ని ఎవరైనా అడిగి చాలాకాలమైంది. "లేదండీ" అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం తలుపు తట్టారు. ఎదురుగా మేనేజరు, పళ్లతో అకౌంటెంటమ్మ, క్యారేజీతో ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు.

"చెల్లెమ్మ ఏదండీ?"

ప్రూఫ్‌రీడర్ తలొంచుకుని బల్ల మీది పెట్టెను చూపించాడు. మేనేజరు ముఖం ఎర్రబడింది. అకౌంటెంటమ్మకు నవ్వాపుకోలేక పొలమారింది.

"అంటే మీకు పెళ్లి..."

"కాలేదండీ."

"మాకెవరికీ తెలీదే!"

"ఎవరూ అడగలేదండీ."

మేనేజరు మరి కోప్పడలేకపోయాడు. కుర్రాడు పెట్టె విప్పి గుప్పెడు దుమ్ము తీశాడు. "ప్రాసెసర్లు అంత తేలిగ్గా అరగవు సార్. గాలాడక వేడెక్కింది. మాడిపోకుండా తనే నెమ్మదించింది."

ఉన్న ఒక్క కుర్చీ మేనేజరుకిచ్చి, మిగతావాళ్లు మంచం మీద సర్దుకున్నారు. కంచం కూడా ఒక్కటే. క్యారేజీ మూతల్లో వడ్డించుకుని నవ్వుతూ తిన్నారు. గది కిక్కిరిసిపోయింది.

వాళ్లు వెళ్లాక కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది. చీకటి పడకముందే ప్రూఫులన్నీ అయిపోయాయి. తర్వాత ఏం చేయాలో ఆయనకు తోచలేదు. నలిగిన దుప్పటిని సర్దబోయి, అలాగే వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ప్రింటర్‌కి పొడిదగ్గు పట్టుకుందట.